సప్పుడు లేని సినిమాలు

కరీంనగర్ నుంచి మంథని పోయే బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు కొట్లాడుకుంటున్నారు. ఏదో వెబ్ సిరీస్ మీద. ఒకామె అది ఓవర్‌రేటెడ్ అంటుంది. రెండో ఆమె, నువ్వు సగం కూడా చూడలేదు నీకేం తెలుసే అంటుంది. ఇంకేదో సినిమా పేరు తీసి, అసలు అండర్‌రేటెడ్ అంటే అది, పాపం దాన్ని ఎవడూ పట్టించుకోలేదని ఏడ్చినంత పని చేసింది. సుల్తానాబాద్ దాటినా ఆ పంచాయితీ తెగలేదు. కండక్టర్ మధ్యలో తలదూర్చి తనకు నచ్చిన సినిమా ఏదో చెబితే, అప్పటిదాకా జుట్లు పట్టుకున్న ఇద్దరూ ఒక్కటై ఆయన మీద పడ్డారు.

బస్సులో అందరూ నవ్వుతున్నారు. నేను మాత్రం కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మా అక్క ఉంటే ఆ పిల్లల పక్కకు పోయి ఇరుక్కుని కూర్చునేది. పెద్దపల్లి వచ్చేలోపు ఇద్దరినీ ఓడించి, వాళ్ళ చేతిలో పల్లీలు కూడా తినేసేది. అక్క పోయి ఏడాది కావస్తోంది. ఏడుపు ఎప్పుడు ఎక్కడ పట్టుకుంటుందో చెప్పలేకుండా ఉన్నాను. ఒకసారి బియ్యం చెరుగుతుంటే వచ్చింది, ఇప్పుడేమో బస్సులో.

అక్క నా తోడబుట్టింది కాదు. బొగ్గుగనుల కాలనీలో మా పక్క క్వార్టర్ ఆమెది. గనిని మావైపు బాయి అంటాం. మా ఆయన, వాళ్ళాయన ఒకే బాయిలో పని. మా ఆయన ఆయన్ని అన్నా అని పిలుస్తాడు కాబట్టి నాకు ఆయన బావ, ఆమె అక్క. వరస అట్లా కలిసిందే తప్ప, సొంత అక్క ఉన్నా ఇంత అయ్యేది కాదని నేను ఎవరి ముందైనా చెబుతాను.

మంథని నుంచి కొత్త కోడలిగా వచ్చిన మొదటి వారం. మా ఆయన డ్యూటీకి పోయాడు, ఇంత ఇంటికి పని ఎంతసేపు, టీవీ పెట్టుకున్నాను. మా అమ్మగారింట్లో టీవీ అంటే వాడ చివరిదాకా వినబడాలి. పాట సగం కాకముందే తలుపు తోసుకుని ఒకామె లోపలికి వచ్చింది. పొట్టి మనిషి, నుదుట పెద్ద బొట్టు, చంకలో చాట. పలకరింపు లేదు, పేరు అడగడం లేదు. నేరుగా టీవీ దగ్గరికి పోయి సౌండ్ మొత్తం తగ్గించేసింది. నాకు ఒళ్ళు మండింది. నోరు తెరవబోతే తన పెదవుల మీద వేలు పెట్టుకుని పక్క గోడ చూపించింది.

"మా ఆయన పండుకున్నడు. రాత్రి డ్యూటీ చేసొచ్చిండు," అంది.

మా క్వార్టర్ల లైనులో ఎప్పుడూ ఎవరో ఒకరు రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రపోతుంటారు. షిఫ్టులు వారం వారం మారతాయి. ఈ వారం వాళ్ళాయన, వచ్చే వారం మా ఆయన, ఆ పై వారం ఎదురింటాయన. గోడలు పలుచన. నిద్ర చాలని మనిషి బాయిలోకి దిగితే ఏమవుతుందో ఆడవాళ్ళెవరూ నోటితో అనరు. అందుకని మధ్యాహ్నం పూట అన్ని ఇళ్ళల్లో టీవీలు నడుస్తుంటాయి గానీ ఒక్కదానికీ గొంతు ఉండదు. గిన్నెలు తోముకునేటప్పుడు కింద గోనెసంచి పరుచుకుంటాం. కూరగాయలమ్మే ఆమె కూడా మా లైనులోకి వస్తే కేక వేయదు, గడప ముందు నిలబడి గాజులు కదిలిస్తుంది.

సౌండ్ తగ్గించి పోతుందనుకున్న మనిషి గోడకు ఆనుకుని కూర్చుంది. చాటలో బియ్యం ఏరుతూ, తెర మీద పెదవులు కదిలిస్తున్న హీరోయిన్‌కు తానే మాటలు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతా గుసగుసే. హీరోకు బరువు గుసగుస, హీరోయిన్‌కు సన్న గుసగుస, అత్తకు పళ్ళ సందుల్లోంచి వచ్చే గుసగుస. ఆ సినిమాలో అసలు ఏం మాట్లాడుకుంటున్నారో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. మొహాలు చూసి అప్పటికప్పుడు పుట్టించేది. ఆ రోజు నవ్వు ఆపుకోలేక చాప అంచు కొరుక్కున్నాను. మర్నాటి నుంచి నేనే వాళ్ళింటికి పోయాను. ముందు గదిలో టీవీ, పరదా అవతల బావ నిద్ర, పరదా ఇవతల మేమిద్దరం.

ఓవర్‌రేటెడ్, అండర్‌రేటెడ్ అనే మాటలు మాకెవరికీ తెలియవు. అక్క దగ్గర రెండే తీర్పులు. పేరు ఎక్కువ, పస తక్కువైతే 'ఊరు దిబ్బ' అనేది. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెతను సగానికి కోసి వాడుకునేది. మంచిదై ఉండి కూడా ఎవరూ కన్నెత్తి చూడనిదైతే 'పెరటిచెట్టు'. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు కదా, అదన్నమాట. సినిమాలే కాదు, లోకంలో ఉన్నవన్నీ ఈ రెండింట్లో ఏదో ఒకదాంట్లో పడాల్సిందే. కాలీఫ్లవర్ ఊరు దిబ్బ, పొన్నగంటి కూర పెరటిచెట్టు. పెళ్ళిళ్ళకు కట్టే జరీ చీర ఊరు దిబ్బ, సిరిసిల్ల మగ్గాల మీద నేసిన మామూలు చీర పెరటిచెట్టు. మా ఆయన ఏందక్కా అని ఒకసారి అడిగితే, కొత్తగదా, ఇంకా తేలలేదు ఆగమంది. అది తేల్చకుండానే పోయింది.

ఆమె తీర్పుకు కొలత ఏమిటో నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. నటన చూడదు, ఫైటింగులు చూడదు, బట్టలు చూడదు. పండుకున్న మనిషి పట్ల ఆ సినిమా ఎట్లా ఉందో చూసేది. లైను మొత్తం ప్రాణం పెట్టి చూసే సీరియల్ ఒకటుండేది. అందులో రోజూ ఎవరో ఒకరు తలుపు బాదుతారు, లేకపోతే పళ్ళెం కింద పడేస్తారు, ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడి లేచి వస్తారు. ఆ ఇంట్లో ఒక్కరన్నా కడుపునిండా నిద్రపోయారా, దానికి అంత పేరు ఎందుకొచ్చిందే అని అక్క అడిగేది. ఒక పెద్ద సినిమాలో హీరో మిద్దె మీద నిలబడి తెల్లవార్లూ పాట పాడితే, ఆ గల్లీలో పొద్దున్నే డ్యూటీకి పోయేవాడు ఒక్కడన్నా లేడా, రాయి తీసుకుని బయటికి రాడా అంది. అదే, ఎవరికీ పేరు కూడా గుర్తులేని ఇంకో సినిమాలో ఒక భార్య, నిద్రపోతున్న భర్త పక్క నుంచి నడవాల్సి వచ్చి, వంగి పట్టీలు విప్పి చేతిలో పట్టుకుని పోతుంది. రెప్పపాటు సీను అది. ఆ ఒక్కదాని కోసం ఆ సినిమాను నెత్తిన పెట్టుకుంది.

నేను ఊరుకునేదాన్ని కాదు. మాది వాదించే ఇల్లు, మా బాపు కూరలో ఉప్పు గురించి కూడా రెండు పూటలు వాదిస్తాడు. పాటలు వినకుండా, మాటలు వినకుండా తీర్పులేంది, ఇది ఏ కోర్టు అని అడిగేదాన్ని. గుసగుసలో కొట్లాడుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. గొంతు లేవకూడదు కాబట్టి కోపం మొత్తం చేతుల్లోకి, కళ్ళలోకి వస్తుంది. ఎవరన్నా కిటికీలోంచి చూస్తే ఇద్దరికీ దయ్యం పట్టిందనుకుంటారు. అక్కది ఆదిలాబాద్ దిక్కు, మహారాష్ట్ర అంచున ఉండే ఊరు. నేను మరీ మించిపోయానంటే మరాఠీలోకి పోయి, పురే పురే అని చెయ్యి అడ్డం పెట్టేది. చాలు ఇక ఆపు అని. ఆ చెయ్యి పడిందంటే ఆ రోజుకు కోర్టు ముగిసినట్టే.

అన్నిటికంటే పెద్ద కొట్లాట పడవ సినిమా మీద. అది థియేటర్లో ఆడిందో లేదో కూడా ఎవరికీ తెలియదు. ఆడి ఉండదు. వేసుకోవడానికి వేరే ఏమీ లేనప్పుడు టీవీ వాళ్ళు మధ్యాహ్నం పూట దాన్నే వేసేవారు. రేవులో పడవ నడిపే మనిషి ఒకడు, ఒడ్డున అతని కోసం ఎదురుచూసే ఆడమనిషి ఒకతె. లైను ఆడవాళ్ళందరూ అది చెత్త అనేవారు, టీవీ కట్టేసి పోయి పండుకునేవారు. అక్కకు మాత్రం అది పెరటిచెట్లలోకెల్లా పెరటిచెట్టు.

అక్క చెప్పిన కథ ఇది. వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలు. అతనిది రాత్రి పడవ. పొద్దున అతను ఒడ్డుకు వచ్చేసరికి ఆమె నాట్లకు పోవాలి. ఇద్దరూ కలిసేది రేవు మెట్ల మీదే, సద్దిమూట ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారేంతసేపు. ఆమె దగ్గర అతనికి చెప్పాల్సిన మాట ఒకటుంది. ప్రతిసారీ నోటిదాకా వస్తుంది. కానీ అతని కళ్ళు అప్పటికే మూతలు పడుతుంటాయి. పాపం అలిసిండు, రేపు చెప్త అనుకుని ఆమె పొలానికి పోతుంది. 'రేపు చెప్త' అన్నప్పుడు అక్క గొంతు ఎంత తగ్గేదంటే నేను పక్కకు జరిగి వినేదాన్ని. సినిమా ఎన్నిసార్లు వచ్చినా కథ మారేది కాదు.

ఒకసారి మంథనిలో మా అన్న ఇంటికి పోయినప్పుడు అదే సినిమా వచ్చింది. సౌండ్‌తో. నేను అందరినీ పిలిచి కూర్చోబెట్టాను, ఏడుపొచ్చే కథ చూడండి అని. తీరా చూస్తే ఆ ఆడమనిషి అతని పెళ్ళామే కాదు. దొంగసరుకు తీసుకుపోవడానికి వచ్చే మనిషి. మూటలో సద్ది లేదు. మెట్ల మీద వాళ్ళు మాట్లాడుకునేది పోలీసులు ఏ దారిన వస్తున్నారని. కాదు కాదు, ఇది కాదు కథ అని నేను టీవీతో వాదిస్తుంటే మా వదినె పొట్ట పట్టుకుని నవ్వింది. నీకు ఆ బొగ్గుబాయిల కాడ ఏమో అయిందే అంది. సిగ్గుతో సగంలో లేచిపోయాను.

తిరిగి వచ్చిన రోజే అక్క మీదికి పోయాను. నువ్వు చెప్పింది ఒక్కటీ నిజం కాదు, అందరి ముందు నా పరువు తీశావన్నాను. అక్క చాటలోంచి తల ఎత్తలేదు. నా ఆవేశం మొత్తం అయ్యేదాకా ఆగి, రాయి ఒకటి ఏరి పక్కన పడేసి అడిగింది.

"మరి రెండిట్ల ఏ కత మంచిగున్నది?"

నేను ఆ రాయిని వేలితో దొర్లించాను. అయితే పెరటిచెట్టే అని తీర్పు చెప్పి, నాకు చాయ్ పెట్టింది.

బావ గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. భారీ మనిషి, మాట తక్కువ. తమ్ముడి భార్యనని నాతో అసలే తక్కువ. నాకు ఎదురుపడితే తల వంచుకుని పక్కకు జరిగేవాడు. అక్కతో కూడా, నేను విన్నంతవరకు, అన్నం పెట్టనా అంటే పెట్టు, నీళ్ళు తోడనా అంటే తోడు. ఇన్ని మాటలు పుట్టించే మనిషి ఆయన ముందు ఇంత పొదుపుగా ఎట్లా ఉంటుందో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు అడిగేశాను, మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారక్కా అని.

"ఎప్పుడు మాట్లాడాలే? ఆయన మేలుకున్నప్పుడు నేను పనిల ఉంట. నేను తీరిగ్గ ఉన్నప్పుడు ఆయన పండుకుంటడు," అంది. తర్వాత కొంచెం సిగ్గుపడి చెప్పింది. "రిటైర్ కానియ్యి. పెద్ద టీవీ తెస్తడట. సౌండ్ పెట్టుకొని ఇద్దరం పక్కపక్కన కూసొని చూస్తం. గప్పుడు ఆయనతోని కొట్లాడుత, నీతోని కొట్లాడినట్టు. శాన దాశిపెట్టిన చెల్లె."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం కొత్త పెళ్ళికూతురి మొహం లాగే ఉంది. నేను ఏడిపించాను, రిటైర్ అయ్యాక నన్ను గడప తొక్కనిస్తావా అని. నిన్ను కూడా రానిస్త కానీ నడుమ కూసోవద్దు అంది.

బావ రిటైర్ అయ్యాడు. దండలు వేశారు, శాలువా కప్పారు, లైనంతటికీ భోజనం పెట్టారు. క్వార్టర్ ఖాళీ చేసి రెండు గల్లీల అవతల ఇల్లు తీసుకున్నారు. చెప్పినట్టే గోడంత టీవీ వచ్చింది. అప్పటికే అక్క గొంతు బొంగురుగా ఉంది. పడిశమనుకున్నాం. మిరియాల కషాయం తాగింది, తేనె నాకింది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది. బావ సౌండ్ పెట్టి, ఇది ఎట్లుంది అని అడిగితే చెయ్యి ఊపేది. గొంతు నయం కానియ్యి, కొట్లాడుత ఆగు అనేది. పండగ పోయింది, ఎండాకాలం వచ్చింది, గొంతు బాగుపడలేదు. మింగుడు పడటం లేదని ఎవరికీ చెప్పకుండా అన్నం జావలాగా కలుపుకుని తాగుతోందని నేను ఒకరోజు చూశాను. అప్పుడు కరీంనగర్ తీసుకుపోయాం.

దవాఖానాలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ బావను, పట్నంలో ఉద్యోగం చేసే వాళ్ళ కొడుకును కూర్చోబెట్టి చెప్పాడు. గొంతులో మాట పుట్టే చోటునే తీసేయాలి. ప్రాణం దక్కవచ్చు, మాట దక్కదు. బావ బయటికి వచ్చి గోడకు మొహం పెట్టి నిలబడ్డాడు. అక్క మాత్రం, చేయించుకుంట అంది. ఆయన ఒక్కడే ఏం వండుకుంటడు అంది.

ఆపరేషన్ ముందురోజు మధ్యాహ్నం నేను పోయాను. అక్క మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. తలుపు తెరిచే ఉంది. బయట వరండాలో బెంచీ మీద బావ, తల గోడకు ఆనించి, ఒళ్ళో మందుల సంచి పెట్టుకుని నిద్రపోతున్నాడు. మంచం మీంచి ఆయన మొహం కనబడుతుంది. అక్క అటే చూస్తోంది. ఎదురు గోడకు ఉన్న టీవీలో ఏదో సినిమా, దవాఖానా కాబట్టి దానికీ సౌండ్ లేదు.

రేపటి నుంచి ఈమె గొంతు ఉండదు, ఆయనేమో నిద్రపోతున్నాడు. ఇన్నేళ్ళూ దాచిపెట్టుకున్నానంది కదా, ఇంకెప్పుడు?

"రేపటికెల్లి మాట ఉండది గదక్కా. ఆయనతోని చెప్పుకునేది ఏమన్న ఉంటే ఇయ్యాలనే చెప్పు. నేను లేపుత," అని లేచాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది. పట్టు ఇంకా గట్టిగానే ఉంది.

"లేపకు. రక్తమని, రిపోర్టులని పొద్దటిసంది తిరిగి తిరిగి పరేషానయిండు. ఇప్పుడే కన్నంటింది. లేచినంక చెప్త."

నేను కొట్లాడాను. ఆ రోజు కూడా గుసగుసలోనే. ఒక్కరోజు నిద్ర చెడితే ఆయనకేం కాదు, ఇప్పుడు ఆయన బాయికి పోయేది లేదు, దిగేది లేదు అన్నాను. అక్క వినలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా కోపం తగ్గించడానికి గోడ మీది సినిమాకు మాటలు చెప్పడం మొదలుపెట్టింది. అరిగిపోయిన ఆ గొంతుతో. హీరోకు, హీరోయిన్‌కు, అడ్డం వచ్చిన ఆవుకు కూడా. మాట మాటకూ ఆగి నీళ్ళు చప్పరించింది. మేం చూసిన వాటన్నిటి మీదా చివరిసారి తీర్పులు చెప్పింది. లైను మొత్తం ఏడ్చిన సీరియల్‌ను మళ్ళీ ఊరు దిబ్బలో పడేసింది. నేను ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. ఆమెకు అది నచ్చలేదు, కొట్లాడవేందే అని గిల్లింది. మధ్యాహ్నమంతా ఆ గొంతు నా మీదే ఖర్చయిపోయింది. నాకు దక్కాల్సింది కాదది. ఎదురుగా బెంచీ మీద ఉన్న మనిషికి దక్కాల్సింది.

సాయంత్రం అవుతుండగా నర్సు వచ్చి చూసి కోప్పడింది. రేపు ఆపరేషన్ పెట్టుకుని ఇంతసేపు మాట్లాడతారా, ఇక ఒక్క మాట కూడా వద్దంది. అక్క బుద్ధిమంతురాలిలాగా నోరు మూసుకుంది. కాసేపటికి చూస్తే బావ లేచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కళ్ళు నులుముకుంటూ ఆమె వైపు చూశాడు. అక్క నర్సు వైపు చూసింది, తర్వాత ఆయన్ని చూసింది. ఒక్కటే అడిగింది.

"తిన్నవా?"

తిన్న అని తల ఊపాడు. తినలేదని నాకు తెలుసు.

ఆ తర్వాత అక్క కొన్ని నెలలు బతికింది. మెడకు పెట్టిన గొట్టం కనబడకుండా చిన్న తువ్వాలు కట్టుకునేది. ఎప్పటిలాగే వండింది, తోమింది, ముగ్గు వేసింది. నేను పోయినప్పుడు చెయ్యి బోర్లించి ఊరు దిబ్బ, వెల్లకిలా తిప్పి పెరటిచెట్టు అని చెప్పేది. నేను నవ్వేదాన్ని, ఇంటికి వచ్చి ఏడ్చేదాన్ని. గోడంత టీవీ ముందు ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవారు. బావ సౌండ్ పెట్టేవాడు. అక్క రిమోట్ తీసుకుని తగ్గించేసేది. అట్లా కూర్చుని చూసేవారు. నేను గుమ్మం దాకా పోయి ఎన్నోసార్లు లోపలికి పోలేక వెనక్కి వచ్చాను. వానలు మొదలయ్యాక జబ్బు తిరగబెట్టింది. ఈసారి దవాఖానా వద్దని చేత్తోనే చెప్పింది. పురే అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

దినాలు అయిపోయి చుట్టాలు ఎవరి ఊరికి వారు పోయాక, ఒక మధ్యాహ్నం బావ మా ఇంటికి వచ్చాడు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో మగవాళ్ళు లేనప్పుడు ఆయన ఎప్పుడూ మా గడప తొక్కలేదు. ఆ రోజు కూడా లోపలికి రాలేదు, బయట కుర్చీ వేస్తే కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. చేతిలో ఫోను పట్టుకుని చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"గా పడవ సినిమా ఫోన్ల దొరికిందమ్మా," అన్నాడు. "మొత్తం చూసిన. సౌండ్ పెట్టుకొని చూసిన. ఆమె చెప్పిందేదీ అందుల లేదు."

నా చేతిలో నీళ్ళ చెంబు ఉంది. ఆయనకు ఇవ్వడం మరిచిపోయాను. ఆమె ఏం చెప్పేదో మీకెట్లా తెలుసు బావా అని అడిగాను.

"పరదా అవతలనే గదా పండుకునేది. ఇన్న. మీరిద్దరు కొట్లాడేది గూడ ఇన్న. ఆమె సప్పుడు చెవులవడితేనే నాకు నిద్రవట్టేది. గందుకే ఏ కత ఆఖరుదాక ఇనలే." ఫోను జేబులో పెట్టుకుని, మొదటిసారి నా మొహం వైపు చూసి అడిగాడు. "గా పడవాయన పెండ్లాం, రేపు చెప్త, రేపు చెప్త అంటది గదా. ఆఖరుకు చెప్పిందా? ఏం చెప్పింది?"

నేను నోరు తెరిచాను. ఆ కథ నాకు కంఠతా వచ్చు. రేవు మెట్లు, సద్దిమూట, మూతలు పడే కళ్ళు, అన్నీ వచ్చు. కానీ ఆఖరు రాదు. ఎందుకంటే సినిమా ఆఖరుకు వచ్చేసరికి అక్క చాట పక్కన పెట్టి లేచేది. ఇక ఇంటికి పో అని నాకు సైగ చేసి వంటింట్లోకి పోయేది. ప్రతిసారీ అంతే. ఏదో ఒకటి పుట్టించి చెబుదామా అనుకున్నాను. అక్క అయితే చెప్పేది. నాకు చేతకాలేదు.

"చెప్పలే బావా. ఆడికి రాంగనే ఆపి లేచేది," అన్నాను. "మీరు లేచే యాల్లయిందని, అన్నం పెట్టాలని."

బావ తల ఊపాడు. నా చేతిలోంచి చెంబు తీసుకుని, తాగకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"యాల్ల నాకేమెరుకమ్మా. ఆమె మాట ఆగుతది, నాకు మెలకువొస్తది. గంతే," అన్నాడు. చెంబులోకి చూస్తూ మళ్ళీ అన్నాడు. "ఆపరేషన్ అయినకాడికెల్లి మేలుకొనే ఉన్న."